కడియం తీసిన చెయ్యి

మద్రాసు పేరు చెన్నై అని మార్చిన ఏడాది అది. బస్సుల మీద, బోర్డుల మీద, అంగళ్ళ రసీదుల మీద పాతపేరు చెరిపి కొత్తది రాసుకుంటూ పోయారు. అంత పెద్ద ఊరి పేరు చెరపగలిగిన సర్కారు, వ్యాసర్పాడి రైలుకట్ట పక్క సందులో ఉండే భరణి పేరు మాత్రం పోలీసు స్టేషను రౌడీల పట్టీలో రాసింది రాసినట్టే ఉంచేసింది.

ఆ పేరు అక్కడికి ఎక్కిన వైనం పెద్దదేమీ కాదు. వాడికి పంతొమ్మిదేళ్ళప్పుడు వీధి కొళాయి దగ్గర ఆడవాళ్ళ బిందెల తగవు మగవాళ్ళ దాకా వచ్చింది. ఆ తోపులాటలో భరణి చేతిలోకి కత్తి వచ్చింది, ఒకడి భుజం తెగింది. తెగినవాడు కుట్లు వేయించుకుని, ఆ తర్వాత భరణితోనే కలిసి టీ తాగాడు. కోర్టు కూడా ఇద్దరినీ తిట్టి పొమ్మంది. స్టేషను మాత్రం పొమ్మనలేదు. వినాయకుడి ఊరేగింపు వచ్చినా, ఎన్నికలు వచ్చినా, మంత్రి ఎవరైనా ఆ దారిన పోతున్నా, ముందురోజు కోడికూతకే హెడ్ కానిస్టేబుల్ కన్నియప్పన్ వచ్చి తలుపు తట్టేవాడు. చేలో దిగకముందే ఎద్దు మూతికి చిక్కం కట్టినట్టు, భరణి ఏదో చేస్తాడేమోనని ఏమీ చెయ్యకముందే తీసుకుపోయి కూర్చోబెట్టేవారు. సందడి అణిగాక ఇంటికి పొమ్మనేవారు.

తిరువొత్తియూరులో ఒక కంపెనీలో వాడికి వెల్డింగు పని. ఏళ్ళు గడిచినా టెంపరరీయే. ఫోర్‌మన్ అరుముగం చెడ్డవాడు కాడు గానీ, ఆయన ఓపికకూ ఒక గట్టు ఉంది.

"ఇంకొక్కసారి చెప్పకుండా మానేస్తివంటే గేటు లోపలికి రావద్దు తంబీ," అన్నాడు ఆ వేసవిలో.

"చెప్పి ఎట్లా మానేదన్నా? వాళ్ళేమన్నా నాకు చెప్పి వస్తావుండారా?" అన్నాడు భరణి.

అరుముగం నవ్వలేదు. ఆ రోజునుంచి భరణికి లోకంలో ఒక్కటే కోరిక. ఆ పేరు స్టేషన్లోంచి పోవాలి. వచ్చే ఊరేగింపు లోపే పోవాలి.

ఇట్లాంటి రోజుల్లో వాడు నాటకాల్లో పడ్డాడు.

చింతాద్రిపేటలో తెలుగువాళ్ళకు ఒక నాటక సమాజం ఉండేది. దాని ప్రెసిడెంటు పరంధామయ్యకు మిరపకాయల మండీ. ఆయనకు నాటకమంటే కిరీటాలూ పద్యాలూ. కానీ నాటకాలు రాసి ఆడించే మోహన్‌రాజ్ బ్యాంకు గుమాస్తా, చదువుకున్నవాడు, గడ్డం పెంచినవాడు. ఆ ఏడు పట్టుబట్టి 'కడియం' అని ఒక నాటకం రాశాడు. ఎప్పుడో రాబోయే కాలంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నరుక్కుంటున్నారని, కొట్లాటకు దిగిన ప్రతివాడి కుడిచేతికీ సర్కారు ఒక ఇనుప కడియం తొడుగుతుంది. వేళ్ళు చాచి ఉన్నంతసేపూ కడియం ఊరుకుంటుంది. పిడికిలి బిగిస్తే ఎముక దాకా కరుస్తుంది. దాంతో ఊరు సద్దుమణిగిపోతుంది. పెళ్ళాన్ని కొట్టేవాడు లేడు, సమ్మెలో చెయ్యెత్తేవాడు లేడు, బిడ్డ మెట్ల మీంచి జారుతుంటే గట్టిగా పట్టుకునేవాడూ లేడు. చివరికి ఒక డాక్టరమ్మ కథానాయకుడి చేతి కడియం విప్పి, "ఇక నీ చెయ్యి నీది" అంటుంది.

ఆ నాటకానికి జైలు కటకటాలు చేసి తెచ్చినవాడు భరణి. రిహార్సలు చూస్తూ ఒక మూల కూర్చున్నాడు. కథానాయకుడి వేషానికి మండీల పిల్లలను ముగ్గురిని పెట్టి చూసి విసిగిపోయిన మోహన్‌రాజ్, ఉత్తినే నిలబడి నాలుగు మాటలు చెప్పమన్నాడు వాణ్ణి. చెప్పాడు. గదిలో మాటలు ఆగిపోయాయి. తర్వాత టీ తాగుతూ వాడి కొళాయి కథ విన్నాక మోహన్‌రాజ్ ముఖం వెలిగిపోయింది. సంతలో మంచి కోడె దొరికినవాడిలా వాడి భుజాలూ చేతులూ మళ్ళీ ఒకసారి చూసుకున్నాడు.

"వేషం కాదప్పా ఇది. నిజం! ఎక్కడ దొరుకుతాడు ఇట్లాంటోడు?" అన్నాడు పరంధామయ్యతో.

భరణికి తెలుగు మాట్లాడటమే గాని చదవటం రాదు. మోహన్‌రాజ్ చెబుతుంటే అరవ అక్షరాల్లో రాసుకుని కంఠతా పట్టాడు. పట్టినవాడికి చివరి పేజీ కనిపించలేదు.

"ఆఖర్లో నేనేం చేసేదన్నా?"

"రాయలేదు."

"మరిచిపోయినావా?"

"కావాలనే రాయలేదు. కడియం తీసినాక నీ చెయ్యి నువ్వు చూసుకుంటావు. ఆనక నీ ఇష్టం. పిడికిలి బిగిస్తావో, ఊరికే ఉంటావో. ఆ పొద్దు నీకేం తోస్తే అది."

"తప్పు చేస్తే?"

"ఆడ తప్పనేది లేదు భరణీ."

ఎగతాళేమోనని భరణి ఆయన ముఖంలోకి చూశాడు. ఎగతాళి కాదు. ఇరవై మూడేళ్ళ బతుకులో వాడితో ఎవరూ ఆ మాట అనలేదు. అమ్మ ఇట్లా చెయ్యమంది, ఫోర్‌మన్ అట్లా చెయ్యమన్నాడు, స్టేషన్లో ఏమీ చెయ్యకుండా గోడ వైపు తిరిగి కూర్చోమన్నారు. నీ ఇష్టం అనేది వాడికి కొత్త కూర. రుచి చూడ్డానికే కొన్ని రోజులు పట్టింది. ఒక సాయంత్రం పిడికిలి మెల్లిగా బిగించాడు. ఇంకో సాయంత్రం చెయ్యి చాచి అట్లాగే వదిలేశాడు. ఒకరోజు కడియం ఉన్న చోట దురద పెట్టినట్టు గోక్కున్నాడు, అంతే. డాక్టరమ్మ వేషం వేసే హేమమాలిని ఆ రోజు ఏడ్చేసింది.

"ఏంటికి ఏడుస్తావుండావక్కా? నేనేం చేస్తిని?"

"ఏమీ చెయ్యలేదురా. అందుకే."

రైల్లో ఇంటికి పోతూ తలుపు దగ్గర నిలబడి వాడు తన చేతిని చూసుకునేవాడు. పక్కవాళ్ళు పిచ్చోడనుకునేవారు.

ఆ ఊళ్ళో నాటకం ఆడాలంటే రాతప్రతిని ముందు పోలీసులకు పంపి, పేజీ పేజీకీ ముద్ర వేయించుకోవాలి. ముద్ర పడినదే ఆడాలి. ఎప్పుడూ ఇది పెద్ద పని కాదు, కిరీటాల నాటకాలను వాళ్ళు తిప్పి కూడా చూసేవారు కాదు. ఈసారి మాత్రం పై ఆఫీసువాళ్ళు తెలుగు తెలిసినవాడు చదవాలన్నారు. వెతగ్గా దొరికినవాడు కన్నియప్పన్. ఆయన అత్తవారిది చిత్తూరు పక్క. భరణి తలుపు తట్టే ఆ కన్నియప్పనే కాగితాలు చంకలో పెట్టుకుని చింతాద్రిపేట వచ్చాడు.

"చదివిన కాడికి బాగానే ఉండాది సార్. మా ఆవిడకు కూడా చదివి వినిపించినా. కానీ ఆఖర్న ఖాళీ వదిలినారే, దానికి నేను ముద్ర ఎట్లా వేసేది?"

"అదే కదండీ నాటకం!" అన్నాడు మోహన్‌రాజ్.

"మీకు నాటకం, నాకు ఉద్యోగం. ఆ పిల్లోడు ఆడ నిలబడి కత్తి తీస్తే? సర్కారును తిడితే? ఏం చేస్తాడో తెలీకుండా ముద్ర ఎట్లా వేస్తివని నన్నే గదా అడిగేది! ఏం చేస్తాడో రాయండి, వేసేస్తా. వాని ఇష్టం అని రాసేదానికి మాత్రం కుదరదు."

మోహన్‌రాజ్ భావస్వాతంత్ర్యం గురించి చాలా మాట్లాడాడు. నాటకమే మానేస్తానన్నాడు. పరంధామయ్య వక్కలు నములుతూ అంతా విన్నాడు.

"హాలుకు డబ్బు కట్టేసినాం. నోటీసులు పంచేసినాం. దండం పెట్టించేయ్ మోహనా. దండానికి ముద్ర వెయ్యననేవోడు ఈ లోకంలో ఉండడు. నాటకం రెండు గంటలు నీది. ఆఖరి నిమిషం వాళ్ళకు పారేయ్."

మోహన్‌రాజ్ అలిగి వెళ్ళాడు. తిరిగి వచ్చి రాశాడు. కడియం తీయగానే కథానాయకుడు మోకాళ్ళ మీద కూర్చుని, చేతులు జోడించి, "ఇది నా మేలుకే, మళ్ళీ తొడగండి" అంటాడు. ముద్ర పడింది.

ఈ సంగతి చెప్పేటప్పుడు మోహన్‌రాజ్ గడ్డం గోక్కుంటూ గోడకేసి చూశాడు. భరణి తన కుడిచెయ్యి చూసుకున్నాడు.

"ఇంక నా ఇష్టం లేదా అన్నా?"

"కళాకారుడికి కొన్నిసార్లు తప్పదు తమ్ముడూ. మనకు తప్పదు."

మనకు అనటం చదువుకున్నవాళ్ళకు బాగా వచ్చు. ఆ సాయంత్రమే భరణి మానేసి పోయేవాడు. పరంధామయ్య గుమ్మంలోనే ఆపాడు.

"ఏరా అబ్బీ, ముఖం ముడుచుకుంటావేం? చీఫ్ గెస్టుగా ఎవుర్ని పిలిచినామో తెలుసునా? మీ పేట ఇన్‌స్పెక్టర్ని. మా గోడౌన్ ఆ పక్కే గదా, బాగా తెలిసినోడు. నీ సంగతి ఒక మాట ఆయన చెవిన వేస్తా. నువ్వు దండం పెట్టేది కళ్ళారా చూస్తాడు. నీ పేరు ఆడ ఎట్లా ఉంటాదో నేనూ చూస్తా."

భరణి ఆగిపోయాడు. వినాయకుడి పండగకు ఇంకా ఎంతో వ్యవధి లేదు.

నాటకం రోజు హాలు నిండింది. భరణి తల్లి కనకవల్లి పట్టుచీర కట్టుకుని ఆడవాళ్ళ వరసలో కూర్చుంది. చుట్టూ చింతాద్రిపేట గొప్పింటి అమ్మలక్కలు. అబ్బాయి ఎవరని అడిగితే, "మా బిడ్డే, హీరో," అని చెప్పుకుంటోంది. ముందు వరసలో ఇన్‌స్పెక్టరు. ఆయన వెనకే కన్నియప్పన్, ఒళ్ళో ముద్ర వేసిన ప్రతి, చేతిలో టార్చిలైటు. మాట మాటకూ వేలు జరుపుకుంటూ వింటున్నాడు.

అక్కడి సభల్లో ఒక ఆనవాయితీ ఉంది. చీఫ్ గెస్టుకు తొందర పనులుంటాయి గనుక, నాటకం మధ్యలో తెర దించకుండానే ఆపేసి, నటులను వేషాలతోనే వరసగా నిలబెట్టి, ఆయన చేత పొన్నాడ శాలువాలు కప్పించి, నాలుగు మాటలు చెప్పిస్తారు. చచ్చిపడ్డవాడు కూడా లేచి శాలువా కప్పించుకుని మళ్ళీ పడుకోవాలి. ఆ రోజూ అట్లాగే ఆపారు. కడియం కరవగా కిందపడి మెలికలు తిరుగుతున్న భరణి లేచి, దుమ్ము దులుపుకుని వరసలో నిలబడ్డాడు.

పరంధామయ్య మైకు అందుకున్నాడు. చెవిన వేస్తానన్న మాట ఆయనకు గుర్తుంది. అయితే ఇంత జనాన్ని చూసేసరికి ఆ మాటను చెవిలో చెప్పటం దండగనిపించింది.

"సభకు నమస్కారం. ఈ హీరో పిల్లోడు వేషగాడు కాదు. వ్యాసర్పాడి వాడు. నిజంగా కత్తి పట్టి, నిజంగా కేసులో ఉండినోడు! ఇట్లాంటోణ్ణి తెచ్చి మా సమాజం దారిలో పెట్టింది. ఇన్‌స్పెక్టరుగారు దయచేసి ఈ బిడ్డ పేరు..."

హాల్లో గుసగుసలు లేచాయి. కనకవల్లి పక్కన కూర్చున్నామె తన చేతిసంచీని ఒళ్ళోకి తీసుకుంది. అటుపక్కామె కుర్చీ కొంచెం జరిపింది. కనకవల్లి ముందుకే చూస్తూ కూర్చుంది, పట్టుచీర కొంగు వేలికి చుట్టుకుంటూ.

ఇన్‌స్పెక్టరు పొన్నాడ పట్టుకుని భరణి ముందు ఆగాడు. గడ్డం కింద వేలు పెట్టి ముఖం ఎత్తి చూశాడు. నవ్వి, మైకు లాక్కుని అరవంలో అన్నాడు. "డేయ్, నువ్వా! ఇతను మా స్టేషనుకు అల్లుడండీ. పండగ పండగకూ వస్తాడు."

హాలంతా గొల్లున నవ్వింది.

"సెరి. అయ్యగారు ఇంత పెద్దమనసుతో అడిగారు గనుక, అందరి ముందూ చెబుతున్నా. ఆఖరి సీన్లో దండం పెడతాడంట గదా? మనసారా పెట్టమనండి. పెడితే రేపు స్టేషనుకు రమ్మనండి. పేరు కొట్టేస్తా."

చప్పట్లు. ఈలలు. పొన్నాడ భుజాల మీద పడింది. కొత్త జరీ మెడకు గీసుకుంది. మళ్ళీ నాటకం మొదలు పెట్టమన్నారు. భరణి శాలువా తీసి పక్కనబెట్టి, ఇందాక పడిన చోటే పడి, మెలికలు తిరగటం మొదలుపెట్టాడు.

ఆఖరి సీను వచ్చింది. హేమమాలిని కడియం విప్పింది. "ఇక నీ చెయ్యి నీది," అంది.

భరణి చెయ్యి చూసుకున్నాడు. కింద కన్నియప్పన్ టార్చి ఆఖరి పేజీ మీద పడి ఉంది. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి, పందెంలో కోడిని చూసినట్టు చూస్తున్నాడు. అంతలో పక్కతెర చాటునుంచి మోహన్‌రాజ్ గొంతు, గుసగుసగా, ఆవేశంగా: "భరణీ! నీ ఇష్టం. నీకేం తోస్తే అది చెయ్!"

ఇప్పుడా చెప్పేది, అనుకున్నాడు భరణి. ముద్ర వేయించుకున్నది నువ్వు, బ్యాంకుకు పోయేది నువ్వు, రేపు కోడికూతకు వాళ్ళు తట్టేది నా తలుపు. వాడికి కోపం రావలసింది కన్నియప్పన్ మీద, ఇన్‌స్పెక్టరు మీద. వచ్చింది మాత్రం ఆ గుసగుస మీద. చాచిన వేళ్ళు వాటంతటవే ముడుచుకోబోయాయి. అమ్మ కనిపించింది. ఆమెకు అటూ ఇటూ ఉన్నవాళ్ళు ఇంకా దూరం జరిగారు. అరుముగం మాట, కంపెనీ గేటు, వచ్చే పండగ, అన్నీ ఒక్కసారి వచ్చి ఆ వేళ్ళ మీద కూర్చున్నాయి.

భరణి మోకాళ్ళ మీదికి దిగాడు. చేతులు జోడించాడు. జోడిస్తున్నప్పుడు నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇది నా మేలుకే. మళ్ళీ తొడగండి," అన్నాడు.

హాలు లేచి నిలబడింది. పరంధామయ్య పైపంచెతో కళ్ళు తుడుచుకున్నాడు. కన్నియప్పన్ టార్చి ఆర్పి, కాగితాలు మడిచాడు. ఒక్క మాట కూడా తేడా రాలేదు.

మర్నాడు భరణి అరుముగాన్ని బతిమాలి అరపూట సెలవు అడిగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని స్టేషనుకు వెళ్ళాడు. వాడంతట వాడు ఆ మెట్లు ఎక్కటం అదే మొదలు. చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాక ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

"ఓ, హీరో! రా రా. మా ఇంట్లో పొద్దుట్నుంచీ నీ గురించే మాట."

"సార్, పేరు..."

"ఏ పేరు?"

"నిన్న మీరు మైకులో చెప్పినారు గదా సార్. దండం పెడితే..."

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. వాణ్ణి తేరిపార చూశాడు. ఆ చూపులో కోపం లేదు, కొంచెం మెచ్చుకోలు కూడా ఉంది.

"ఎంత బాగా ఏడ్చావురా నువ్వు! పాతికేళ్ళ సర్వీసు నాది. నేనే నమ్మేశాను. ఇంటికి పోయినాక ఆలోచించా. అంత బాగా దండం పెట్టి నమ్మించగలిగినవాడి పేరు కొట్టేస్తే, రేపు ఏదన్నా జరిగితే నన్నేమంటారు? నాటకం చూసి పడిపోయాడంటారు."

"పెట్టకుండా ఉండింటే, సార్?"

"పెట్టకపోతే అసలు తీసే పనే లేదు గదా!" అని, ఇంత చిన్న లెక్క తెలియదా అన్నట్టు నవ్వి, ఇన్‌స్పెక్టరు టీ తెమ్మని కేకేశాడు. "హీరోకూ ఒకటి."

భరణి ఆ టీ తాగాడు. తాగకపోతే దానికీ ఒక అర్థం తీస్తారని తాగాడు.

వినాయకుడి ఊరేగింపుకు ముందురోజు కోడికూతకు తలుపు చప్పుడైంది. కన్నియప్పన్ మాత్రం ఈసారి మర్యాద పెంచాడు. పేరు పెట్టి పిలవలేదు. "హీరో, పోదామా?" అన్నాడు. స్టేషన్లో మిగతా కుర్రాళ్ళ ముందు కూర్చోబెట్టి, "డేయ్, వీడు ఏం యాక్టింగు తెలుసునా! ఏదీ, ఆ ఆఖరి సీను ఒకసారి చేసి చూపించు," అన్నాడు. అడగటంలో బెదిరింపు లేదు, ముచ్చటే ఉంది. భరణి చేశాడు. వాళ్ళు చప్పట్లు కొట్టారు. మధ్యాహ్నం డ్యూటీ మారినాక కొత్తగా వచ్చినవాళ్ళు అడిగితే మళ్ళీ చేశాడు.

బయటికి వచ్చి తిరువొత్తియూరు పోతే, అరుముగం గేటు దగ్గరే ఎదురొచ్చి వాడి టిఫిను డబ్బా, పాత చెప్పులు ఒక సంచీలో పెట్టి ఇచ్చాడు.

కొన్నాళ్ళకు మోహన్‌రాజ్ వ్యాసర్పాడి సందు వెతుక్కుంటూ వచ్చాడు. భరణి ఇంటి ముందు ఎవరిదో సైకిలు ఫ్రేము అతుకుతున్నాడు. మోహన్‌రాజ్ ముఖం మళ్ళీ వెలిగిపోతోంది.

"నెల్లూరులో పోటీలు భరణీ! మన 'కడియం' తీసుకున్నారు. అక్కడ ఈ ముద్రల గోల లేదు. ఆఖరి పేజీ చించి పారేశాను. మళ్ళీ నీ ఇష్టమే!"

భరణి వెల్డింగు కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "ఊరు దాటిపోవాలంటే స్టేషన్లో చెప్పి పోవాలన్నా నేను."

"పరంధామయ్యగారి చేత చెప్పిద్దాం."

"వద్దన్నా!" ఆ మాట కొంచెం గట్టిగా వచ్చింది. పక్కింటి మునియక్క తలుపు సందులోంచి తొంగిచూసింది. భరణి గొంతు తగ్గించాడు. "వద్దు. మండీ పిల్లోళ్ళు ఎవురికన్నా ఇచ్చేయ్ ఆ వేషం. వాళ్ళు పిడికిలి బిగిస్తే యాక్టింగు అంటారు, దండం పెడితే బుద్ధిమంతుడంటారు. నేను బిగిస్తే నిజం, దండం పెడితే యాక్టింగు. నాకేంటికన్నా ఇష్టం?"

"నువ్వు లేకపోతే నాటకంలో నిజం ఉండదు తమ్ముడూ," అన్నాడు మోహన్‌రాజ్ బాధగా. ఆ బాధ కూడా నాటకం కోసమే.

భరణి అద్దాలు దించుకుని నిప్పు ముట్టించాడు. ఆ వెలుగు చూడలేక మోహన్‌రాజ్ ముఖం తిప్పుకున్నాడు. అట్లాగే వెళ్ళిపోయాడు.

నెల్లూరులో ఆ వేషం పరంధామయ్య అన్నకొడుకు కిట్టు వేశాడు. ఆఖర్న పిడికిలి బిగించి జనం మీదికి ఎత్తాడు. ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. అంత పరువుగల కుటుంబంలో పుట్టి, ఆ కసిని ఎక్కణ్ణుంచి తెచ్చుకున్నాడో అని జడ్జీలు ముచ్చటపడ్డారట.